మనోవ్యాధి – వంశచరిత్ర

సంబంధము కలుపుకొనుటకు ముందు అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు విచారింపవలెనని మన పెద్దల మాట. ఆ విచారణకు వెరచియే మన యిండ్లలో ఒక సంగతిని మరుగుపరచుదురు. పెదతండ్రికి మతి చలించినచో "ఆయన కాశికి పోయినాడు" అని పిల్లలకు చెప్పుదురు. మధుమేహమును గూర్చి నలుగురిలో చెప్పుకొను కుటుంబమే దీనిని గూర్చి పెదవి విప్పదు. ఈ మౌనము వలని నష్టము మిక్కిలి పెద్దది.

ఆంగ్లకవి టెన్నిసన్ కుటుంబమును చూడుడు. క్రైస్తవ మతాచార్యుడైన తండ్రిని తీవ్రవిషాదము, ఉగ్రకోపము, మద్యపానము పీడించినవి. ఆయన 1831లో మరణించెను. తమ్ముడు ఎడ్వర్డు యౌవనముననే మానసిక చికిత్సాలయమున చేరి, 1890లో కన్నుమూయువరకు అట్లే గడపెను. తమ వంశమున 'నల్లరక్తము' ప్రవహించుచున్నదను భీతి కవిని చిరకాలము వెంటాడెను. అయినను ఆయన 1850లో ఆస్థానకవియై, 83 ఏండ్లు జీవించెను. ఒకే తల్లి బిడ్డలకు గతులు వేరైనవి.

నేటి వైద్యశాస్త్రము చెప్పునదియు ఇదియే. ఉన్మాదము, విషాదము మార్చి మార్చి వచ్చు బైపోలార్ వ్యాధి లోకమున నూటికి సుమారు ఒకరికి కలుగును. తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో బిడ్డకు కలుగు అవకాశము నూటికి సుమారు 10. అనగా అట్టి బిడ్డలలో అధికసంఖ్యాకులకు ఆ వ్యాధి రాదు. పెండ్లి తప్పించుటకు ఈ లెక్క చాలదు; మెలకువతో నుండుటకు చాలును.

ఆ మెలకువ ఎందులకు? విషాదముతో వచ్చిన యువకునికి వైద్యుడు విషాదమునకు మందిచ్చును. వంశమున బైపోలార్ వ్యాధి యున్నదని దాచినచో, ఆ మందే ఒక్కొక్కప్పుడు ఉన్మాదమును రేపవచ్చును. చెప్పినచో వైద్యుడు జాగ్రత్తపడును. లిథియము వంటి మందును ఆలోచించును. ఉన్మాదమునకు లిథియము పనిచేయునని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో వెల్లడించెను. టెన్నిసన్ సోదరులకు లేని భాగ్యము మనకు కలదు.

ఈ వ్యాధులు తరచుగా తలయెత్తునది కౌమారము ముగిసి యౌవనము మొదలగు వేళ. అనగా మన కళాశాలల వయస్సున. నిన్నటిదాక చురుకుగా చదివిన విద్యార్థి నిద్రాహారములు మాని, పాఠము వినక కూర్చున్నచో సోమరి యనుట సులభము. ఏకాంతమున పిలిచి యడుగుట, తల్లిదండ్రులను వైద్యుని యొద్దకు పంపుట ఉపాధ్యాయధర్మము. విద్యార్థులును తమ యింటి పెద్దలను అడిగి తెలిసికొనవలెను.

చెప్పినచో సంబంధములు చెడునందురు. చెడవచ్చును. చెడిన సంబంధమునకు మారుగా వేరొకటి దొరకును. చికిత్స లేక చెడిన బిడ్డ బ్రదుకునకు మారు దొరకునా? ఏడు తరముల విచారణను మానవలదు; అది మొదట వైద్యుని యెదుట జరుగనిండు.