అమ్మకమునకు వచ్చిన ఇల్లు

నరసరావుపేటలోగాని, మాచర్లలోగాని, గురజాలలోగాని 1960 ప్రాంతమున కట్టిన తోట గల యిల్లొకటి అమ్మకమునకు వచ్చినదనుకొందము. బేరమునకు వచ్చినవారు గజములు లెక్కింతురు, గదులు లెక్కింపరు. ఇల్లు వారి కంటికి కూల్చుకూలి ఖర్చుగా మాత్రమే కనబడును. వేపచెట్టు, మల్లెపందిరి, నూతిగట్టు లెక్కలోనికే రావు. ఈ లెక్క సరియైనదా యన్నదే ప్రశ్న.

ఆ యిల్లు పల్నాటి చరిత్రలో ఒక ఘట్టము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారము పని ప్రారంభించెను. 1967లో కాలువలకు నీరు వచ్చెను. అంతవరకు పలకలుగా నేలను పరచిన పల్నాటి సున్నపురాయి, అప్పుడు సిమెంటై కప్పుగా కూడ లేచినది. మండువా యింట వెలుతురు నడిమినుండి దిగును. ఈ కొత్త యింట అది కిటికీలనుండి వచ్చును. చదునైన కప్పు, కిటికీలపై ముందుకు చాచిన సిమెంటు నీడపలక, గాలి నాపక యెండను విరుచు జాలీగోడ, వసారా, చుట్టును తోట — ఇవి అలంకారములు కావు. రెంటచింతల యెండ యెటువంటిదో యెరిగినవారికి వీని యుపయోగము చెప్పనక్కరలేదు. ఆ కప్పు పగటి వేడిని రాత్రి విడుచుననుట నిజమే. అందుచేతనే సాయంకాలము డాబాపై నీళ్ళు చల్లి, తోటగాలికి పండుకొనెడివారు. తోట పోయినచో ఆ యిల్లు సగము పోయినట్లే.

ఇట్టి యిండ్ల విలువ లోకమునకు ఆలస్యముగానే తెలిసినది. పారిస్ సమీపమున ల కార్బూజియే 1931 నాటికి ముగించిన విల్లా సవోయ్ అను ఇంటిని, 1950ల చివర కూల్చి పాఠశాల కట్టదలచిరి. దేశదేశముల నిరసనచే అది నిలిచినది; 1965లో రక్షిత కట్టడమైనది. 2016లో చండీగఢ్ కాపిటల్ సముదాయముతోపాటు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. పల్నాటి యింటిని దానితో సరితూచనక్కరలేదు. కూల్చిన తరువాత విలువ తెలిసిన ప్రయోజనములేదని మాత్రము గ్రహించిన చాలును.

మన చట్టము దీనికి అడ్డురాదు. 1958 నాటి పురాతన కట్టడముల చట్టము నూరేండ్లకు తక్కువగాని వానినే పురాతనములుగా నెంచును. అరువది యేండ్ల యిల్లు కొత్తదియు కాదు, పురాతనమును కాదు.

అమ్మువారిని నిందించుట న్యాయముకాదు. సంతానము దూరదేశములందుండును, వాటాలు పెక్కగును, ఇనుపకడ్డీలు తుప్పుపట్టి కప్పు పెచ్చులూడును. ఉన్నవారికి బరువు, కొన్నవారికి స్థలము — ఈ రెంటినడుమ ఇల్లు నలుగుచున్నది.

అయినను పల్నాటివారి కన్నులయెదుటనే ఒక గొప్ప దృష్టాంతము కలదు. సాగరమున నాగార్జునకొండ లోయ మునుగనున్నదని తెలిసి, 1954 మొదలు 1960 వరకు అచ్చట త్రవ్వకములు సాగించిరి. ఇక్ష్వాకుల నాటి కట్టడములను కొన్నింటిని కొండపైనను, అనుపులోను తిరిగి నిలిపిరి. పదునారు శతాబ్దములకు పైబడిన ఇటుకలను కాపాడిన తరము, తన కొరకు కట్టుకొన్న యిండ్లివి. ఆ తరము తన పూర్వులకు చేసిన మర్యాదలో కొంతయైన నేటివారు ఆ తరమునకు చేయవలదా?

అన్నింటిని నిలుపుట సాధ్యముకాదు. ఊరికి ఒకటి రెండైనను గ్రంథాలయముగనో, శిశుపాఠశాలగనో నిలుపవచ్చును. కొన్నవారు వెనుక కొత్తగదులు కట్టుకొని, ముందు వసారాను, చెట్లను ఉంచవచ్చును. అదియు కానినాడు, ఉపాధ్యాయులు యజమాని యనుమతితో విద్యార్థులను గొనిపోయి, టేపుతో గదులు కొలిపించి, పటము గీయించి, చెట్ల పేర్లు, కట్టిన మేస్త్రి పేరు వ్రాయించవచ్చును. గణితము, చరిత్ర, ప్రకృతిశాస్త్రము ఒక్క పూటలో ఒక్క చోట దొరకును. ఇల్లు పోయినను పటము మిగులును. పటము గీచిన బాలుడు రేపు ఇల్లు కొనువాడైనప్పుడు, గజములతోపాటు గదులను కూడ లెక్కించును.