గొట్టము క్రింది గురుతులు

పాత జంటగొట్టపు తుపాకిపై లండను వర్తకుని పేరు మెఱయుచుండును. గొట్టము చేసిన పనివాని పొడియక్షరములు అడుగున, కఱ్ఱ మఱుగున నణఁగియుండును. 19వ శతాబ్దమున ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన గొట్టములను బెల్జియమునందలి లియేజి ప్రాంతము దేశదేశములకు పంపెను. వానికి ‘డమాస్కసు’ అని పేరు! ఆ పేరు పొందిన అసలు ఖడ్గముల పద్ధతి వేఱు. వానికి ఉక్కు దక్షిణాపథమునుండి పోయెడిది. నిజామాబాదు సీమలోని కోనసముద్రమునకు పారసీక వర్తకులే వచ్చి కొనిరి. మడకశిరకు పొరుగున, మధుగిరి సీమలోను 1800లో బుకానను దొర ఉక్కు కొలుములను చూచెను. కత్తులపై పారసీక కమ్మరుల పేర్లున్నవి. ఉక్కు కాచిన మనవారికి అడుగు ముద్రయైనను దక్కలేదు.

కావున పాత తుపాకులు గల గృహస్థులను మేము కోరునది యొక్కటే. లైసెన్సు చాలించి ఠాణాకు అప్పగించుటకు మున్ను, గొట్టము విప్పించి, అడుగు ముద్రలను కాగితముపై నెక్కింపుఁడు.