ఇంటర్వెల్ ఉంటేనే హిట్!

సినిమాకి ఒకటే ఇంటర్వెల్. గుండెకు మాత్రం ఒకటి చాలదు! కాసేపు శక్తికొద్దీ శ్రమ, కాసేపు విశ్రాంతి, మళ్లీ శ్రమ... ఈ వ్యాయామాన్నే ఇంగ్లీషు పొడి అక్షరాల్లో 'హిట్' అంటున్నారు.

"జిమ్ముకి డబ్బుల్లేవన్నా" అన్నాడు మొన్న మొగుళ్లపల్లిలో ఓ కుర్రాడు. జిమ్మెందుకు తమ్ముడూ? 'ఒక్కడు' (2003)లో మహేష్‌బాబు ఆడిన కబడ్డీ లేదూ? కూతకు 30 సెకన్లే. ప్రాణంపెట్టి ఆడి, వెనక్కొచ్చి దమ్ము తీసుకుని, మళ్లీ వెళ్లడమే!

ఇలాంటి సాధన కొన్ని వారాలు చేసిన టీనేజర్లలో గుండె, ఊపిరితిత్తుల సత్తా పెరిగిందని పరిశోధనల్లో తేలింది. వారంలో 3 రోజులైనా పిల్లలకు గట్టి శ్రమ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఒక్క హెచ్చరిక: ఆడుతుండగా గుండెల్లో నొప్పొచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా హీరోయిజం వద్దు. ముందు డాక్టరు, తర్వాతే బరి!