మన సంఘాలు – మన పిల్లలు (3): ఫారంలో పేరెందుకన్నా?



ఒక జిల్లా ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘం ఈ మధ్య ఒక ఫారం తిప్పింది. "యువ సభ్యుల అభిప్రాయ సేకరణ" అని హెడ్డింగు. సంఘం పేరు రాయను. రాస్తే మిగతా సంఘాల పెద్దలు "మనది కాదులే" అని ఊపిరి పీల్చుకుంటారు.

మొదటి నాలుగు గడుల్లో పేరు, ఐడీ నంబరు, శాఖ, పనిచేసే ఆఫీసు. ఐదోది, నాయకత్వం పనితీరు మీద మీ అభిప్రాయం. చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు. బాగాలేదు అనే గడే లేదు!

ఇరవై మంది కూడా నింపలేదు. వెంటనే గ్రూపులో ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్: "ఈ తరానికి ఉద్యోగం కావాలి, ఉద్యమం అక్కర్లేదు." ఆ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేరు. పిల్లలు జవాబు ఎక్కడ చెప్పాలన్నా?

ఆ పిల్లలెవరో ముందు చూద్దాం. ఆంధ్రాలో 2019 అక్టోబరులో సచివాలయాల ఉద్యోగాల్లోకి వచ్చిన వాళ్ళు చాలామంది. నెలకి 15,000 జీతంతో ప్రొబేషన్. రెండేళ్ళన్నారు, డిక్లేర్ అయ్యేసరికి 2022 జూన్. ఆ రోజుల్లో మన సంఘాల మీటింగుల్లో వాళ్ళ సంగతి ఎన్నిసార్లు అజెండాకెక్కిందో మినిట్స్ పుస్తకం తీసి చూడండి, పుస్తకమంటూ ఉంటే.

ఇంకో గీత ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2004 సెప్టెంబరు 1. ఆ తేదీకి ముందు చేరినవాళ్ళకి పాత పెన్షన్, తర్వాత చేరినవాళ్ళకి సీపీఎస్. మన సంఘాల్లో కుర్చీలు గీతకి అటుపక్క, చందాలు ఇటుపక్క. అవుట్‌సోర్సింగ్ పిల్లలకైతే ఈ సంఘం బైలాలో సభ్యత్వమే లేదు. ఏప్రిల్ 14న ఫ్లెక్సీ కట్టడానికి, కుర్చీలు మొయ్యడానికి మాత్రం సభ్యత్వం అడగరు.

పెద్దలు ఏమీ చెయ్యలేదని నేననను. 2003లో రాష్ట్రంలో ప్రమోషన్లలో రిజర్వేషన్ జీవో ఊరికే రాలేదు. 2006లో నాగరాజ్ తీర్పు వచ్చాక కోర్టుల చుట్టూ తిరిగింది వాళ్ళే. ఆ అప్పు మనందరి మీదా ఉంది. కానీ ప్రమోషన్ దాకా బతికి నిలబడాలి కదా. పోస్టింగ్ ఇచ్చిన ఊళ్ళో కులం అడిగి ఇల్లు అద్దెకివ్వకపోతే ఆ అమ్మాయి రోజూ రెండు బస్సులు మారి డ్యూటీకి పోతోంది. అది సంఘం సమస్యా, ఆ పిల్ల సొంత సమస్యా? "కోటా బ్యాచ్" అని ఆఫీసులో నవ్వితే ఎవరికి చెప్పుకోవాలి? ఫారంలో దీనికి గడి ఏది? ఉన్నా, కింద ఐడీ నంబరు పెట్టి ఎవరు రాస్తారు? ఆ కాగితం పైఆఫీసరు బల్ల మీదికి చేరదని గ్యారంటీ ఏది? ఆఫీసర్లతో కలిసి కేకు కోసే ఫోటోలు రోజూ పెట్టేది మనవాళ్ళే కదా.

"కుర్రాళ్ళకి అనుభవం లేదు" అంటారు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్ మిత్ర మండలి పెట్టేనాటికి ఆయనకి 18 ఏళ్ళు. బాబాసాహెబ్ 1919 జనవరిలో సౌత్‌బరో కమిటీ ముందు నిలబడేనాటికి 27. ఆ కమిటీ చేసింది కూడా అభిప్రాయ సేకరణే, ఓటు ఎవరికివ్వాలని. ఆయన మా కష్టాలివీ అని చెప్పి ఊరుకోలేదు. ఓటు కావాలన్నాడు, మేం ఎన్నుకున్న మా ప్రతినిధులు కావాలన్నాడు. కమిటీ ఏం సిఫార్సు చేసింది? ఎన్నిక లేదు, నామినేషన్ అంది. ఇవాళ మనవాళ్ళు "యూత్ వింగ్ కన్వీనర్" అని ఒకణ్ణి నామినేట్ చేసి, శాలువా కప్పి, వేదిక చివర్న కూర్చోబెడుతున్నారే, అది సౌత్‌బరో పద్ధతి. బాబాసాహెబ్ పద్ధతి కాదు.

"ఇవి మనలో మనం మాట్లాడుకోవాలి, పైకులాల ముందు పరువు తీస్తావా" అని ఈ పోస్టు కింద ఎలాగూ రాస్తారు. సరే అన్నా, మనలో మనం ఎక్కడ మాట్లాడుకుందాం? గ్రూపుకి తాళం వేశారు. జనరల్ బాడీ జరిగి ఎన్నేళ్ళయింది?

పేరు లేకుండా రాసే ఫారం పెట్టండి. వచ్చినవన్నీ, మిమ్మల్ని తిట్టినవి కూడా, నెలలోపు జనరల్ బాడీలో చదవండి. ఏది చేస్తారో, ఏది చెయ్యరో, ఎందుకు చెయ్యరో కాగితం మీద చెప్పండి. కార్యవర్గంలో మూడో వంతు సీట్లు 2004 తర్వాత చేరినవాళ్ళకి, అందులో సగం ఆడపిల్లలకి, ఎన్నికతో ఇవ్వండి. అవుట్‌సోర్సింగ్ వాళ్ళ కోసం బైలా మార్చండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు కూడా. ఈసారి చందా కట్టేటప్పుడు రసీదుతో పాటు పోయినేడాది లెక్క అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదని రాయించుకోండి.

నాలుగో భాగంలో ఆ చందా పుస్తకం సంగతే.