టూర్ బస్సు ఆగని చోటే మన తారీఖ్ ఉంది



సెలవులొచ్చాయంటే చాలు, మన ఫోన్లలో టూర్ ప్యాకేజీల కాగితాలు తిరగడం మొదలవుతుంది. "ఒక్క రోజులో చారిత్రక పట్టణాలు, స్థానిక రుచులు, తెలుగు మాట్లాడే గైడ్, టిఫిన్, భోజనం మావే." వడమాలపేట, పుత్తూరు, నగరి వైపు మన ఖాందాన్లు కూడా ఈ బస్సులెక్కుతున్నారు. తలకింతని కట్టి, పిల్లల్ని తీసుకుని, తెల్లారకముందే రోడ్డు మీద నిలబడి మరీ ఎక్కుతున్నారు. వాళ్లతో నాకు తగువు లేదు. ఏడాదంతా కష్టపడ్డవాళ్లు ఒక్క రోజు సైర్ చేసుకుంటే ఎవరు కాదంటారు?

నా ఏతరాజ్ ఆ "చారిత్రక" అన్న మాట మీద.

తీర్థయాత్ర బస్సుల గురించి నేను మాట్లాడటం లేదు. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు, మా వడమాలపేట మండలంలోనే ఉన్న అప్పలాయగుంట, అటు వేలూరు పక్కన శ్రీపురం బంగారు గుడి. అవి యాత్రికుల బస్సులు, ఆ సంగతి పైన రాసే ఉంటుంది, వాళ్ల శ్రద్ధ వాళ్లది. ఏ గుడి దగ్గరా ఆపొద్దని ఏ సాయిబూ అడగడు. కానీ "చరిత్ర చూపిస్తాం" అని పైసలు తీసుకున్నవాడు చరిత్ర చూపించాలి. నేను చూసిన కాగితాల్లో చరిత్ర అంటే చంద్రగిరి కోటలో అరగంట, ఫోటోలు, మళ్లీ బస్సు. ఆ కోట నుంచి చిత్తూరు మీదుగా వేలూరు దాకా మన తారీఖ్ ఎన్ని చోట్ల నిలబడి ఉందో ఒక్క మాటైనా ఉండదు. బస్సు ఆ దారినే పోతుంది. ఆగదు.

సరే, చంద్రగిరి నుంచే మొదలుపెడదాం. గైడ్ ఏం చెబుతాడు? విజయనగర రాజులు, అరవీటి వంశం, రాజమహల్, రాణిమహల్. అంతా నిజమే. అయితే రాజమహల్ ముందు నిలబడి ఒక్కసారి పైకి చూడండి. వరుసగా కమానులు. పైన గుడి శిఖరాల్లాంటి గోపురాలు. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఇమారత్ అది. ఆ కమాను కట్టే హునర్ దక్కన్ సుల్తానుల పట్టణాల్లో పెరిగినది. విజయనగర రాజులు దాన్ని ఇష్టపడి తెచ్చుకున్నారు. యుద్ధాలు చేసుకున్నవాళ్లే ఒకరి దగ్గర ఒకరు ఇల్లు కట్టడం నేర్చుకున్నారు. "కమాను" అన్న మాటే మన జబాన్ నుంచి తెలుగులోకి వచ్చింది. ఆ ఒక్క సంగతి చెప్పడానికి గైడ్‌కి రెండు నిమిషాలు చాలు. 1646లో కోట గోల్కొండ చేతికి పోయిందని, తర్వాత ఆర్కాటు నవాబులకు, 1782లో హైదర్ అలీకి దక్కిందని చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు ఎందుకు మిగలవు?

అక్కడి నుంచి పాకాల వైపు కాస్త పక్కకు తిరిగితే దామలచెరువు. అందరికీ మామిడికాయల మండీగా తెలుసు. చిలక ముక్కులాంటి తోతాపురి పేరులో ఉన్న "తోతా" ఎవరి మాటో మన పిల్లలకు తెలుసు కదా! కానీ 1740 మే నెలలో ఆ కనుమ దగ్గరే ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్, రఘూజీ భోంస్లే మరాఠా ఫౌజ్‌తో జరిగిన లడాయిలో ప్రాణం వదిలాడని ఎంతమందికి తెలుసు? దక్షిణాదిలో నవాబుల బలం సడలడానికి, తర్వాత ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు వాళ్ల మధ్య దూరడానికి దారి వేసిన సంఘటనల్లో అది ఒకటి. మన జిల్లా మట్టి మీద జరిగింది. మద్రాసు చరిత్ర రాసినవాళ్లు దాన్ని వదలరు. మన టూర్ గైడ్ వదిలేస్తాడు.

చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట. 1782 డిసెంబర్ 7న హైదర్ అలీ తన ఫౌజీ డేరాలో కన్నుమూసింది అక్కడే. వీపు మీద రాచపుండు. కొడుకు టిప్పు అప్పుడు పడమటి తీరంలో, మలబారు వైపు ఇంగ్లీషువాళ్లతో పోరాడుతున్నాడు. మౌత్ కబురు బయటికి పొక్కితే ఫౌజ్ చెదిరిపోతుంది. అప్పుడు ఆ రాజ్ కాపాడిన మంత్రుల్లో ముఖ్యుడు పూర్ణయ్య. బ్రాహ్మణుడు. జనాజాను ఖజానా సందూక్ అన్నట్టు కోలారుకు పంపించి, టిప్పు వచ్చేదాకా ఏమీ జరగనట్టే దర్బారు నడిపించారు. ఆ తర్వాతే హైదర్‌ను శ్రీరంగపట్నం గుంబజ్‌లోకి మార్చారు.

ఈ కథ వింటే మన పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? పక్కన కూర్చున్న హిందూ పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? ఒక ముసల్మాన్ హాకిమ్ రాజ్యాన్ని ఒక బ్రాహ్మణ మంత్రి అమానత్‌లా కాపాడాడని అర్థమవుతుంది. అక్కడ కోట లేదు, మహల్ లేదు, "సెల్ఫీ పాయింట్" అసలే లేదు. అందుకే బస్సు ఆగదు. తారీఖ్ అంటే బురుజులేనా?

ఇక వేలూరు. కోట చూపిస్తారు, కందకం చూపిస్తారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు బేగంలను, కొడుకులను, కూతుళ్లను తెచ్చి పెట్టింది ఆ కోటలోనే. 1806 జూలై 10 తెల్లవారుజామున సిపాహీలు తిరగబడ్డారు. 1857కి 51 ఏళ్ల ముందు. కారణం? కొత్త హుకుం ఒకటి వచ్చింది. గడ్డాలు తీసేయాలి, నుదుటి మీద బొట్టు, నామం ఉండకూడదు, తోలు తురాయి ఉన్న కొత్త టోపీ పెట్టుకోవాలి. ఒకే కాగితం మీద మన గడ్డం, వాళ్ల నామం రెండూ కొట్టేశారు. రెండు తరహాల సిపాహీలూ కలిసి లేచి, కోట మీద టిప్పు జెండా ఎగరేశారు. ఆర్కాటు నుంచి గుర్రపు దండు వచ్చి కొన్ని గంటల్లోనే అణిచేసింది. టిప్పు కొడుకులను కలకత్తాకు తరలించారు. ఖాందాన్‌లోని బేగంల మక్బరాలు మాత్రం ఈ నాటికీ వేలూరులోనే ఉన్నాయి. బంగారు గుడి చూడటానికి రోజూ ఇన్ని బస్సులు ఆ ఊరికి పోతున్నాయి కదా, ఆ మక్బరాల వైపు తిరిగే బస్సు ఏది?

"ఒక్క రోజులో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి భాయీ?" అంటారు టూర్‌వాలాలు. బరాబర్. అన్నీ కుదరవు. అందుకే పది చోట్లు కుక్కి ఎక్కడా ఇరవై నిమిషాలు నిలబెట్టని ప్యాకేజీలు మానేయండి అంటున్నాను. పొద్దున చంద్రగిరి, మధ్యాహ్నానికి చిత్తూరు, సాయంత్రం వేలూరు. మూడే మూడు. ఆర్కాటు ఇంకో రోజుకు పెట్టుకోండి. టిప్పుకు ఏ బుజుర్గ్ పేరు పెట్టారో ఆ టిప్పు మస్తాన్ ఔలియా దర్గా, పాత ఢిల్లీ దర్వాజా అక్కడే ఉన్నాయి.

"గిరాకీలు అడగరు" అనేది వాళ్ల రెండో జవాబు. ఇది మాత్రం మన మీదికే వస్తుంది.

నిజం చెప్పుకుందాం. మన ఘరానాల్లో సైర్ అంటే రెండే. ఒకటి దర్గా జియారత్. రెండోది మద్రాసు బీచ్, మాల్, ఊటీ, కొడైకెనాల్. జియారత్‌కు పోయినచోట కూడా ఆ బుజుర్గ్ ఏ కాలంవాడు, ఏ జబాన్ మాట్లాడేవాడు, ఆ గుంబజ్ ఎవరు కట్టించారు అని అడిగేవాళ్లు ఎంతమంది? షాదీలో స్టేజీ పూలకు పెట్టే ఖర్చులో పదో వంతు పిల్లలకు తమ జిల్లా చూపించడానికి పెట్టం. తర్వాత స్కూల్లో ఎవరో "మీరు బయట్నుంచి వచ్చినోళ్లు" అంటే మన బచ్చా ఇంటికొచ్చి మౌనంగా కూర్చుంటాడు. వాడి దగ్గర జవాబు లేదు. వాడికి జవాబు ఇవ్వాల్సిన జిమ్మేదారీ ఎవరిది? టూర్ కంపెనీదా?

ఆ జవాబు కోసం ఢిల్లీ, ఆగ్రా దాకా పోనక్కర్లేదు. "జిల్లా" అన్న మాట, "తహసీల్దార్" అన్న మాట, "రైతు" అన్న మాట, "ఫిర్యాదు", "దస్తావేజు", "రాజీ" ఎక్కడి నుంచి వచ్చాయో వాడికి చెప్పండి. మండల ఆఫీసు బోర్డు ముందు నిలబెట్టి చెప్పినా చాలు. మన జబాన్ ఈ నేల నోట్లో కరిగిపోయి ఉంది.

ఇంకో మాట. తారీఖ్ చెప్పడమంటే నవాబులందరినీ ఔలియాలను చేయడం అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. అది కూడా ఝూఠే. దోస్త్ అలీ కొడుకు సఫ్దర్ అలీని 1742లో ఇదే వేలూరులో చంపించింది బయటివాడెవడో కాదు, సొంత బావ ముర్తజా అలీ. 1780లో హైదర్ ఫౌజ్ కర్ణాటక్ మీద పడ్డప్పుడు ఊళ్లు తగలబడ్డాయి. కాలిన ఇళ్లలో సాయిబుల ఇళ్లూ ఉండే ఉంటాయి, మంటకు మజహబ్ ఉండదు కదా! ఇది కూడా గైడ్ చెప్పాలి, మన పిల్లల ముందే చెప్పాలి. మన తప్పులు మనమే చెబితే, రేపు మన మంచి చెప్పినప్పుడు పక్కవాడు నమ్ముతాడు. హైదర్‌ను రాక్షసుణ్ణి చేసే గైడూ, ఫరిష్తాను చేసే గైడూ ఒకే బడిలో చదివినవాళ్లు.

"ఇవన్నీ తవ్వితే గొడవలొస్తాయి, ఊరుకో" అనే పెద్దలకు నా సలాం. కానీ మీరు ఊరుకున్నంత మాత్రాన ఖాళీ చోటు ఖాళీగా ఉండదు. మనం చెప్పని కథను వాట్సాప్ చెబుతోంది. అది పూర్ణయ్య పేరు ఎత్తదు.

ఇప్పుడు ఖానా సంగతి. "స్థానిక రుచులు" అంటే ఏమిటి? ప్యాకేజీలో రెండే దారులు. అరిటాకు భోజనం, లేదా "ముస్లింల కోసం స్పెషల్" బిర్యానీ. అరిటాకు భోజనం నాకూ ఇష్టమే. ఆంబూరు బిర్యానీ పక్కన పెట్టే వంకాయ కూర కోసం నేనైతే ఆంబూరు దాకా పోతాను. నా శికాయత్ వేరే. ముసల్మాన్ అనగానే బిర్యానీ గిన్నె ఒక్కటే గుర్తొస్తే, మనం రోజూ తిన్న తిండి ఎక్కడ పోయింది? ఈ సీమలో మన నానీ, దాదీలు రోజూ బిర్యానీ వండారా? రాగి సంగటి కెలికారు. పల్లీలు దంచి ఊరిబిండి నూరారు. గోంగూరలో గోష్ వేశారు. జుమ్మా రోజు కుష్కా, షేర్వా. దావత్ మిగులుతో దాల్చా. తెల్లవారి పాయా. రంజాన్ సాయంత్రం మసీదులో గంజి. పక్కింటి రెడ్డిగారి సంగటి, మా ఇంటి సంగటి ఒకే రాగులది. తేడా పులుసులో ఉంటే ఉండొచ్చు. స్థానిక రుచి అంటే ఇది. దీన్ని వడ్డించే టూర్ నాకు ఇంతవరకు కనిపించలేదు.

వండేవాళ్లు లేరా? ప్రతి మొహల్లాలో ఉన్నారు. షాదీలకు డేగ్‌లు దించే ఖాలాలు, బీబీలు. నలభై మందికి ఒక పూట వండమని ముందు రోజు చెబితే చాలు. కానీ "సవాబ్ వస్తుంది" అని ఉత్తినే వండించుకోకండి. హోటల్‌కు కట్టే రేటు వాళ్ల చేతిలో పెట్టండి. టూర్ పైసలు ఎవరి ఊరు చూపిస్తున్నారో ఆ ఊళ్లో కొంతైనా మిగలాలి.

కాబట్టి ఈసారి బస్సుకు పైసలు కట్టేముందు ఈ సవాళ్లు అడగండి. ఎన్ని చోట్ల ఆగుతారు, ఒక్కో చోట ఎంతసేపు? గైడ్ ఏం చదివాడు, లేక డ్రైవరే గైడా? ఖానా హలాలేనా, ఎవరు వండారు? ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూం ఏ ఊళ్లో ఉంది? జొహర్, అసర్ నమాజ్‌కు పావుగంట ఎక్కడ దొరుకుతుంది? ఇవి మెహర్బానీ కోసం అడిగేవి కావు, పైసలు కట్టే గిరాకీ అడిగే మామూలు మాటలు. పదిమంది అడిగితే కాగితం మారుతుంది. వ్యాపారి ఎవరైనా గిరాకీ నోటి నుంచే నేర్చుకుంటాడు.

మారకపోతే మనమే మొదలుపెడదాం. మసీదు కమిటీ దగ్గర డబ్బు లేదంటారు. వ్యాన్ మాట్లాడటానికి పది ఖాందాన్లు పంచుకుంటే అయిపోయే ఖర్చు. మన దగ్గర డిగ్రీలు చేసి ఖాళీగా ఉన్న నౌజవాన్లున్నారు, తెలుగు, ఉర్దూ, కాస్త తమిళం వచ్చినవాళ్లు. ఈ దారికి అంతకన్నా మంచి గైడ్ ఎవరు దొరుకుతారు? వాళ్లకు ఓ నెల టైమ్ ఇచ్చి, పాత గెజెటీర్లు చదివించి, రోజు కూలీ ఇచ్చి నిలబెట్టండి. ఆడపిల్లలను ముందు పెట్టండి, బేగంల కథ వాళ్లు చెబితేనే బాగుంటుంది. వ్యాన్‌లో నాలుగు సీట్లు పక్కింటి హిందూ దోస్తులకు ఉంచండి. నరసింగరాయనిపేట కథ వాళ్లు కూడా వినాల్సిందే, అందులో సగం వాళ్లది.

మొదటి సైర్‌కు వడమాలపేట నుంచి బయల్దేరే తారీఖు మీరే చెప్పండి. సంగటి మా ఇంటి నుంచి వస్తుంది.