గోడ మీద మగమహారాజులు

పాతకాలం ఫొటోల్లో పెద్దమనుషుల్ని చూసి "అబ్బ, ఏం హుందా! ఏం ఠీవి!" అని మురిసిపోయేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. మా కోయిలకుంట్లలోనే కాదు, ఏ తాలూకా ఊళ్లోనైనా పాత మిద్దెల్లోకి వెళ్లి చూడండి. నడవలో గోడకి ఓ తాసిల్దారుగారో, మునసబుగారో వేలాడుతూ ఉంటారు. తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, గొలుసు గడియారం, ఓ చెయ్యి లావుపాటి పుస్తకం మీద. పోనీ పత్రికా సంపాదకుడైతే వేరుగా ఉంటాడా అంటే, అదే పాగా, అదే కుర్చీ, వెనకాల అదే బొమ్మల పరదా! కదిలితే బొమ్మ చెదిరిపోతుందని ఊపిరి బిగబట్టి కూచున్నవాడి ముఖంలో హుందా కాక ఇంకేముంటుంది?

ఇహ ఆఫీసు గ్రూపు ఫొటోలు. అధికారులు కుర్చీల్లో, గుమాస్తాలు వెనక నిలబడి, డవాలీ బంట్రోతులు ఓ చివరన. అట్ట మీద అధికారులకు పేర్లుంటాయి, బంట్రోతులకుండవు. అయినా వాళ్లు ఫొటోలోనన్నా ఉన్నారు. ఆ కోటుకు గుండీ కుట్టి, ఆ పాగా ఉతికి ఆరేసిన ఇల్లాలెక్కడ?

అడిగితే జవాబు సిద్ధం. "ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలంలో ఆడవాళ్లే ఒప్పుకునేవాళ్లు కాదమ్మా!" ఆహా! మరి తాసిల్దారుగారి ఆయుష్షో? అది గట్టిది కాబోలు. భయం ఉన్నమాట నిజమే, మా అవ్వల నోట నేనూ విన్నాను. ఆ భయం మగవాళ్లకు పోయినట్టే వీళ్లకూ పోయేది, పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంటే.

"పరాయి మగవాడి ముందు ఎలా కూచుంటారు?" అనేది ఇంకో వాదన. హైదరాబాదులో రాజా దీనదయాళ్ 1892లోనే ఆడవాళ్లకు విడిగా జనానా స్టూడియో పెట్టాడు. అక్కడ ఫొటోలు తీసింది ఓ దొరసాని. పరదా దాటని ఇళ్లవాళ్లకే దారి దొరికిందన్నమాట! అది డబ్బున్నవాళ్ల ముచ్చటంటే ఒప్పుకుంటాను. కానీ మొగుడి ఫొటోకు దొరికిన డబ్బు పెళ్లాం దగ్గరకొచ్చేసరికి ఎందుకు కరువైంది?

"ఇంట్లో కూచున్న ఆడవాళ్లు ఏం ఘనకార్యం చేశారని?" అంటారే, దానికి మాత్రం ఊరుకోను. మన కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 'స్వరాజ్య' పత్రికలో తెల్లదొరల్ని ఎదిరించి రాసి 1908లో జైలుకెళ్లారు. మహానుభావుడు, ఆయన ఫొటోకు ఎన్ని దండలు వేసినా తక్కువే. స్త్రీల కోసం వచ్చిన 'సౌందర్యవల్లి' పత్రికకు సంపాదకురాలు ఆయన భార్య రమాబాయిగారు. ఆవిడ ముఖం మీలో ఎందరికి తెలుసు? 1904లో 'సావిత్రి' పత్రిక పెట్టిన పులుగుర్త లక్ష్మీనరసమాంబగారిని ఫొటో చూసి పోల్చుకోగలవాళ్లు చెయ్యెత్తండి. పత్రిక నడపడమంటే ఆవకాయ పెట్టడం కాదు. (ఆవకాయా అంత తేలిక కాదనుకోండి.)

జయంతులకూ ఉత్సవాలకూ ప్రత్యేక సంచికలు వేసే పెద్దలకు నాదొక్కటే మనవి. ఈసారి ఆ సంపాదకుల పక్కన ఈ సంపాదకురాళ్లనూ వెయ్యండి. వెతికినా ఫొటో దొరకలేదా, ఖాళీ చట్రం గీసి కింద పేరు అచ్చెయ్యండి. చోటు చాలదని మాత్రం అనకండి. మొన్న నా చేతికొచ్చిన ఓ సంచికలో ఆహ్వాన సంఘం వారివే పద్నాలుగు ఫొటోలున్నాయి. లెక్కపెట్టే చెబుతున్నాను.