చేతులెత్తించే పరిచర్య మనకొద్దు

ఈ కాలం పిల్లలు చాప మీద కూర్చుని బైబిలు చదవరట. వాళ్లకి స్టేజీ ఉండాలట, బ్యాండు ఉండాలట, రంగురంగుల లైట్లు ఉండాలట. కాలేజీ పిల్లల మధ్య పరిచర్య అంటే ఇకమీదట ఇదేనట. ఈమధ్య ఒక యువజన సదస్సులో పేరున్న ప్రసంగీకుడొకాయన ఈ మాటలు అంటే హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఉన్న పాస్టరు గార్లు తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

పిల్లలు చదవరని ఎవరు చెప్పారు? గేట్ పరీక్ష కోసం నెలల తరబడి పుస్తకాల ముందు కూర్చునేది ఈ పిల్లలే. గ్రూప్స్ కోసం లైబ్రరీ మూసేదాకా కదలకుండా చదివేదీ వీళ్లే. పదహారు అధ్యాయాల మార్కు సువార్త వీళ్లకి బరువవుతుందా? వాళ్లు చదవకపోతే, పక్కన కూర్చుని చదివించిన మనిషి లేకపోవడం వల్ల చదవలేదు. మనం చెయ్యని పనికి పిల్లల మీద నింద వేస్తున్నాం. ఇది అన్యాయం.

విద్యార్థుల మధ్య సువార్త పని ఎక్కడ పుట్టిందో ఈ స్టేజీ పెద్దలకి తెలియదా? 1729లో ఆక్స్‌ఫర్డులో చార్లెస్ వెస్లీ, తర్వాత అతని అన్న జాన్, ఇంకొందరు విద్యార్థులు ఒక గదిలో చేరి గ్రీకు కొత్త నిబంధన చదివారు. జైలుకెళ్లి ఖైదీలని పలకరించారు. తోటి విద్యార్థులు నవ్వి, పేర్లు పెట్టారు. అదే ఆక్స్‌ఫర్డులో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే కుర్రాడు ఉండేవాడు. పూటకూళ్లింటివాళ్ల పిల్లవాడు. ఫీజు కట్టలేక, డబ్బున్న విద్యార్థులకి పనులు చేసిపెడుతూ చదువుకున్నాడు. చార్లెస్ వెస్లీ అతన్ని ఫలహారానికి పిలిచాడు. ఆ పిలుపుతో అతను ఆ గుంపులోకి వచ్చాడు. తర్వాత అతనెంతటివాడయ్యాడో చరిత్ర చదివినవాళ్లకి తెలుసు. 1806లో అమెరికాలోని విలియమ్స్ కాలేజీ విద్యార్థులు ఐదుగురు గాలివానలో గడ్డివామి చాటున ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన నుంచి 1810లో ఒక మిషనరీ సంఘం పుట్టింది. 1812లో ఆ సంఘం పంపిన తొలి మిషనరీలు ఓడెక్కి వచ్చింది మన దేశానికే.

మన దగ్గర 1954లో ప్రొఫెసర్ హెచ్. ఎనోక్ వంటివారి చొరవతో యూఈఎస్ఐ అనే క్రైస్తవ విద్యార్థి సంఘం మొదలైంది. కాలేజీలో ఈయూ అని పిలిచే దాని గుంపుని నడపాల్సింది విద్యార్థులే అన్నది దాని పద్ధతి. వాక్యం చెప్పేది విద్యార్థి, ప్రార్థన నడిపేది విద్యార్థి, కొత్తగా చేరిన జూనియర్‌ని వెతుక్కుంటూ హాస్టలుకి వెళ్లేది విద్యార్థి. పట్టభద్రులైన పెద్దలు వెనక నిలబడి చేయూతనిస్తారు. ఎక్కడో పల్లెలో ఇంటర్ దాకా చదివి, మైకు ముందు నోరు పెగలని పిల్లలు ఆ గుంపుల్లో నిలబడి మాట్లాడటం నేర్చుకున్నారు. స్టేజీ పద్ధతిలో మాట్లాడేది బయటినుంచి కారులో దిగిన ఒక్కడు. పాడేది ఆయన వెంట వచ్చిన బృందం. ఆ కాలేజీ విద్యార్థులకి దక్కేది కుర్చీలు వెయ్యడం, ఫ్లెక్సీలు కట్టడం.

మచిలీపట్నం వెళ్లి నోబుల్ కాలేజీ ముందు నిలబడి ఎవరైనా ఈ స్టేజీ సిద్ధాంతం చెప్పగలరా? రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1841లో బందరులో దిగాడు. 1843లో బడి పెట్టాడు. ఆ బడి నుంచి తొలి ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నది 1852లో. తొమ్మిదేళ్లు! ఆ వెంటనే ఊళ్లో గగ్గోలు పుట్టి బడి ఖాళీ అయింది. నోబుల్ బెదరలేదు, సర్దుకుని వెళ్లిపోలేదు. ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి వెళ్లకుండా 1865లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. కులం పట్టింపుల విషయంలో ఆయన చూపిన మెతకదనాన్ని నేను సమర్థించను. కానీ విద్యార్థి దగ్గర ఉండిపోవడం అంటే ఏమిటో ఆయన చేసి చూపించాడు. తొమ్మిదేళ్లకి ఇద్దరు. నేటి లెక్కల ప్రకారం ఆయన పరిచర్య విఫలమైనట్టే. అలా తేల్చే లెక్క తప్పు.

అసలు నా కోపమంతా ఈ లెక్క మీదే. మూడు గంటల సభ. చివరి పావుగంటలో కీబోర్డు నెమ్మదిస్తుంది, లైట్లు తగ్గుతాయి, అందర్నీ కళ్లు మూసుకోమంటారు. ప్రభువుని అంగీకరించినవాళ్లు చెయ్యెత్తమంటారు. వాలంటీర్లు వరసల మధ్య తిరుగుతూ చేతులు లెక్కపెడతారు. ఆ సంఖ్య నివేదికలోకి ఎక్కుతుంది, నివేదిక దాతల దగ్గరికి వెళుతుంది, వచ్చే ఏడాది స్టేజీ ఇంకాస్త పెద్దదవుతుంది. చెయ్యెత్తిన పిల్లవాడి సంగతేమిటి? అతని పేరేమిటి? ఏ బ్రాంచి? ఏ హాస్టలు? మెస్ బిల్లు కట్టాడా? మొన్న సెమిస్టరులో ఎన్ని బ్యాక్‌లాగులు పడ్డాయి? రాత్రిళ్లు నిద్ర పడుతోందా? ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి ఎవరూ ఉండరు. మర్నాడు పొద్దున్నకి బృందం ఇంకో ఊరికి దారి పట్టి ఉంటుంది.

ఇంతకంటే ఘోరం కెమెరా. అందర్నీ కళ్లు మూసుకోమని, తాము మాత్రం కెమెరా కన్ను తెరిచి ఉంచుతారు. ఎత్తిన చేతులు, కన్నీళ్లు కారే ముఖాలు తెల్లారేసరికి ఫోన్లలో తిరుగుతుంటాయి. ఈ పని చేసేవాళ్లకి మన ఊళ్ల గురించి ఏమైనా తెలుసా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఏం చెబుతోందో తెలుసా? హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి తప్ప ఎస్సీ హోదా లేదు. క్రైస్తవుడైన మాల పిల్లవాడు, మాదిగ పిల్లవాడు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ. అంటే 15 శాతం రిజర్వేషన్ వర్గం నుంచి 1 శాతం వర్గంలోకి. సీటు, స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగం అన్నీ ఒక సర్టిఫికెట్ మీద ఆధారపడ్డ పిల్లవాడు ఆ సభలో కూర్చుని ఉంటాడు. తండ్రి కూలికెళ్లి చదివిస్తున్న పిల్లవాడు. వాడి మనసులో విశ్వాసం ఉంది, భయమూ ఉంది. మతం మారినా అంటరానితనం మారని ఊళ్లో పుట్టినవాడికి హోదా మాత్రం మారిపోతుందనే ఆ ఉత్తర్వు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. దాని మీద కొట్లాడాల్సింది పెద్దలం మనం. పద్దెనిమిదేళ్ల కుర్రాడి ముఖాన్ని వీడియోలో పెట్టి ఆ కొట్లాటలోకి వాణ్ణి నెట్టే హక్కు ఏ ప్రసంగీకుడికీ లేదు.

నీకొదేము యేసు దగ్గరికి రాత్రివేళ వచ్చాడు. పేరున్న పండితుడు, పదవిలో ఉన్నవాడు. పగలు రమ్మని యేసు అతన్ని పంపెయ్యలేదు. పదిమందిలో నిలబెట్టలేదు. ఆ రాత్రే కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. అదే నీకొదేము యేసుని సమాధి చేసే వేళ, శిష్యులు చాలామంది చెదిరిపోయిన రోజున, సుగంధ ద్రవ్యాలు మోసుకుని వచ్చాడు. ప్రభువు చూపిన ఈ ఓర్పు మన సభల్లో ఎందుకు లేదు?

పాటల గురించీ చెప్పి తీరాలి. పల్లె మందిరంలో అమ్మ పక్కన కూర్చుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నేర్చుకున్న అమ్మాయి యూనివర్సిటీకొచ్చి వర్షిప్ నైట్ అనే ఈ స్టేజీ సభలో అడుగుపెడితే, వినబడేది ముప్పాతిక ఇంగ్లీషు. తెరమీద అక్షరాలు చదువుతూ పెదవులు కదుపుతుంది. తన భక్తి పాతదనీ, తన పాట మోటుదనీ ఆ అమ్మాయికి ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, అర్థమైపోతుంది. పురుషోత్తమ చౌదరి రాగాలూ తాళాలూ ఎరిగి తెలుగులో కీర్తనలు కట్టాడు. ఆ ఆస్తిని మనమే అటకెక్కించి, పిల్లలకి పాతవి నచ్చవని తీర్పు చెబుతున్నాం. నేర్పకుండానే నచ్చవని ఎలా తేలింది?

క్యాంపస్‌లో మతం మాటే వద్దనేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకి ఒక్క మాట చాలు. రాజ్యాంగం 25వ అధికరణం విశ్వాసాన్ని ప్రకటించుకునే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. 1977లో సుప్రీంకోర్టు ప్రచార హక్కు అంటే ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు కాదని చెప్పింది. నలుగురు స్నేహితులు గదిలో కూర్చుని చదువుకుని, ప్రశ్నలడిగి, ఒప్పుకోనివాడు ఒప్పుకోకుండానే టీ తాగి వెళ్లే చోట ఈ రెండిటికీ పేచీ రాదు. బలవంతం, ప్రలోభం అనే నిందలకి చోటిచ్చేది సంఖ్యల ఆబే.

వైట్‌ఫీల్డ్ తర్వాత మైదానాల్లో వేలమందికి బోధించలేదా అని స్టేజీ పెద్దలు అంటారు. బోధించాడు. ఆ గదిలో తయారయ్యాక బోధించాడు. పెంతెకొస్తు రోజున పేతురు ప్రసంగానికి మూడువేలమంది రాలేదా అంటారు. వచ్చారు. వాళ్లు ఆ తర్వాత ఇళ్లల్లో రొట్టె విరిచి, సహవాసంలో నిలిచారని అదే అధ్యాయంలో ఉంది. అక్కడిదాకా చదవాలి.

మరి ఏం చెయ్యాలి? వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి వైపు మనిషి. యువకుల మధ్య వైఎంసీఏలో పనిచేసి, 1909లో తెలుగు నేల మీదికి, దోర్నకల్‌కి వచ్చాడు. మన భాష నేర్చుకున్నాడు. 1910లో ఎడింబరో మహాసభలో మిషనరీల ముందు నిలబడి, మీ దానాలూ త్యాగాలూ చాలవు, మాకు మీ స్నేహం కావాలని అర్థం వచ్చేలా అడిగాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు. 1945లో అక్కడే మరణించాడు. ఆయన అడిగింది ఈనాటి విద్యార్థికీ కావాలి.

కాబట్టి సంఘ పెద్దలారా, ఒక్క వర్షిప్ నైట్‌కి పోసే డబ్బుతో కాలేజీ దగ్గర ఒక గది అద్దెకి తీసుకోండి. పిల్లల మధ్య కొన్నేళ్లు కదలకుండా ఉండే ఒక అన్ననో, అక్కనో నిలబెట్టి, వాళ్ల ఇల్లు గడిచే జీతం ఇవ్వండి. సువార్తలు చదివే పనీ, నడిపించే పనీ విద్యార్థుల చేతికే ఇవ్వండి. తప్పులు చేస్తారు, చెయ్యనివ్వండి. మిగతా వివరాలు ఏ కాలేజీకి ఆ కాలేజీలో తేలతాయి. కెమెరా మాత్రం గది బయటే ఉంచండి. ఇక నివేదిక అడిగే దాతలకి చేతుల సంఖ్య రాసి పంపడం ఈ ఏడాది నుంచే మానెయ్యండి. ఆ సంఖ్య లేకపోతే డబ్బు ఇవ్వమనేవాళ్ల డబ్బు మన పిల్లలకి అక్కర్లేదు.